మెదడు, ప్రవర్తనల వార్షిక ఉపన్యాసమాలకు వెనుక వరుస నుంచి ఒక లేఖ

మహారాజశ్రీ ఉపన్యాసమాల గారికి,

బెంగళూరు మారతహళ్ళి నుంచి నమస్కారాలు. ఇక్కడ మేమందరం క్షేమం. ఔటర్ రింగ్ రోడ్డు క్షేమంగా లేదు కనుక మా అపార్టుమెంటు తెలుగు పెద్దలం ఏటా మీ ప్రారంభ సభకు ఆలస్యంగానే చేరుతున్నాం. ముఖ్య అతిథి మాకంటే ఆలస్యంగా వస్తారు కాబట్టి మా పరువు నిలుస్తోంది.

మెదడు గురించి మీకు తెలియనిది లేదు. ప్రవర్తన దగ్గరే మీకూ మాకూ తగాదా. శరీరం బరువులో 2 శాతమే ఉండే మెదడు మనం ఖర్చుపెట్టే శక్తిలో దాదాపు 20 శాతం తినేస్తుందని నేర్పింది మీరే. అంతటి తిండిపోతును తలలో పెట్టుకుని కూర్చున్న మమ్మల్ని జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, జ్ఞాపికలు, దాతల నామావళి ముగిసేదాకా మంచినీళ్లతో సరిపెడతారు. కాఫీలోని కెఫీన్, మెదడులో నిద్రమత్తు తెచ్చే అడినోసిన్ అనే రసాయనం కూర్చోవలసిన చోటు ఆక్రమించి నిద్రమత్తును ఆపుతుందని బొమ్మ వేసి మరీ వివరిస్తారు. ఆ కాఫీ మాత్రం ఉపన్యాసం అయ్యాకే పోస్తారు.

ఇక ఫినియాస్ గేజ్. వక్తలు మారతారు, ప్రొజెక్టర్ మారుతుంది, ఆయన మాత్రం మీ వేదికకు తప్పకుండా వస్తాడు. 1848లో అమెరికాలోని వెర్మాంట్‌లో రైలు మార్గం కోసం బండలు పేలుస్తుంటే 3 అడుగుల 7 అంగుళాల ఇనుప కడ్డీ ఆయన ఎడమ చెంపలో దూరి నడినెత్తిన బయటపడింది. మనిషి బతికాడు, గుణం మారింది, కాబట్టి మన మంచీ మర్యాదా నుదుటి వెనకాల ఉన్నాయి. సీతాకల్యాణం హరికథలా మాకిది కంఠస్థం. కడ్డీ ఎగిరే ఘట్టం రాగానే మా వరుసలో ఒకాయన చెంప తడుముకుంటారు కూడా. అదే గేజ్ తరువాత చిలీ వెళ్లి ఏళ్ల తరబడి ప్రయాణికుల గుర్రపుబండి తోలాడని మీరెందుకు చెప్పరు? గుర్రాలను, సామాన్లను, విసుక్కునే ప్రయాణికులను ఏకకాలంలో సంబాళించే ఉద్యోగం అది. పూర్తిగా చెడిపోయిన మనిషికి సాధ్యమయ్యే పని కాదు. పుర్రె బొమ్మకు అరగంట ఇచ్చే మీరు, ఆ దెబ్బ తరువాత ఆయన బతికిన దాదాపు పన్నెండేళ్లకు అరనిమిషం ఇవ్వరు.

లండన్ టాక్సీ డ్రైవర్ల సంగతీ అంతే. వీధులన్నీ బట్టీపట్టిన వాళ్ల మెదడులో దారులను గుర్తుపెట్టుకునే హిప్పోకాంపస్ వెనుక భాగం ఇతరులకంటే పెద్దదని 2000లో తేలిందట, సంతోషం. ముఖం చూడగానే ఊరికి కొత్తని పసిగట్టి మీటరుకు రెట్టింపు అడిగే మా ఆటో అతని నేర్పు ఏ భాగంలో ఉందో కూడా ఎవరైనా చూడాలి కదా.

న్యాయంగా చెప్పాలి, చచ్చిన సాల్మన్ చేప కథ చెప్పిన ఏడు మీకు మనసారా చప్పట్లు కొట్టాను. దాన్ని మెదడు చురుకును చూపే స్కానర్‌లో పెట్టి మనుషుల ఫొటోలు చూపిస్తే, కాకతాళీయంగా వచ్చే చుక్కలను ఏరేసేలా లెక్కలు సవరించనంతవరకు దాని మెదడులోనూ చురుకైన చుక్కలు కనిపించాయి. ముందు నవ్వించి తరువాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ కూడా 2012లో దానికి దక్కింది. ఆ వెంటనే వచ్చిన వక్త ఎర్రచుక్కల మెదడు బొమ్మ వేశారు, హాలంతా ఫొటో తీసుకోవడానికి ఫోన్లు ఎత్తింది.

ప్రశ్నల వేళ ఉపనిషత్తుల్లో ఇదంతా ముందే ఉందని లేచే నెల్లూరాయన మా వాడే. ఆయనను ఆపడం మా వల్ల కాదు.

అసలు చూడవలసింది సభ ముగిశాక. తలకు తగిలే దెబ్బల గురించి గంటన్నర విని నోట్సు రాసుకున్న కుర్రవాడు హెల్మెట్‌ను మోచేతికి తగిలించుకుని బండి ఎక్కుతాడు. గేటు దాటగానే యూటర్న్ దాకా పోయే ఓపిక లేక ఎదురుదారిలో దూరతాడు. హోసూరు రోడ్డు మీద నిమ్హాన్స్ అనే అంత పెద్ద మెదడు, మనసుల ఆసుపత్రి ఉన్న ఊళ్లో! బుర్ర మోకాల్లో ఉందని తిట్టడం విన్నాం గానీ, మోచేతిలో ఉంటుందని మీ వక్తలెవరూ సెలవివ్వలేదే.

వచ్చే ఏడాది ముఖ్యవక్తను సభ కాగానే విమానాశ్రయానికి పంపించకండి. ఒక కుర్చీ, కాగితం, పెన్ను ఇచ్చి పావుగంట గేటు దగ్గర కూర్చోబెట్టండి. స్కానర్ అక్కర్లేదు. శాలువా అక్కడే కప్పవచ్చు, కాఫీ ఖర్చు మేం పెట్టుకుంటాం.

ఇట్లు,
మీ విధేయ శ్రోత