ఆ వాట్సాప్ పాపకు ఫిట్స్ ఎందుకొచ్చాయి?

ఈ వారం ఒకే మెసేజ్ మూడు గ్రూపుల్లో తిరిగి నా దగ్గరికొచ్చింది. నాలుగో నెలలో టీకా వేయించిన రాత్రే పాపకు ఫిట్స్ వచ్చాయట. రెండు వైపులా ఎవరికీ మూర్ఛ లేదట, మేనరికమూ కాదట. కాబట్టి తప్పు టీకాదేనట, జన్యుపరీక్ష డబ్బు దండగట. ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవి పెట్టమని ఓ చిట్కా కూడా.

ఆ రాత్రే ఫిట్స్ వచ్చాయన్న మాట నేను కొట్టిపారేయను. టీకా వేస్తే జ్వరం రావచ్చు, జ్వరం వస్తే ఫిట్స్ పడే పిల్లలున్నారు. ఆస్ట్రేలియాలో మూర్ఛ పరిశోధకుడు బెర్కోవిక్ బృందం, ‘టీకా వల్లే మెదడు దెబ్బతింది’ అని ముద్రపడిన 14 మందిని పరీక్షించి 2006లో ఫలితాలు ప్రచురించింది. 11 మందిలో ఎస్‌సీఎన్1ఏ అనే జన్యువులో మార్పు దొరికింది. పసితనంలోనే మొదలయ్యే తీవ్రమైన మూర్ఛ జబ్బు డ్రావే సిండ్రోమ్. దానికి ముఖ్య కారణం ఆ జన్యువే. మరి ఆ ఫిట్స్ టీకా వేసినప్పుడే వస్తాయా? 2010లో వచ్చిన ఇంకో అధ్యయనంలో 40 మంది డ్రావే పిల్లల్లో 12 మందికే టీకా వేసిన రోజో మర్నాడో మొదటి ఫిట్స్ వచ్చాయి. మిగతావాళ్లకూ వచ్చాయి, కాకపోతే సుమారు రెండు నెలలు ఆలస్యంగా. తర్వాతి ఎదుగుదలలో ఈ రెండు గుంపుల పిల్లల మధ్య తేడా కనబడలేదు. టీకా మానేసి తట్టు తెచ్చుకుంటే వచ్చే జ్వరం సంగతేమిటో ఆ మెసేజ్ రాసినాయన చెప్పలేదు.

‘ఇంట్లో ఎవరికీ లేదు’ అన్నచోటే చాలామంది పడిపోతారు. డ్రావే పిల్లల్లో నూటికి తొంభై మందికి ఆ మార్పు తల్లిదండ్రుల నుంచి రాదు, బిడ్డలోనే కొత్తగా పుడుతుంది. కోడలి వైపా, అల్లుడి వైపా అన్న పంచాయితీకి అక్కడ చోటే లేదు. మేనరికం లెక్క వేరే జబ్బులది: తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, జన్యువు రెండు ప్రతులూ చెడితేనే వచ్చేవి. డ్రావేకి ఒక్క ప్రతి చెడితే చాలు.

పరీక్ష దండగా? కార్బమజెపైన్, ఫెనిటాయిన్, లామోట్రిజిన్ మూర్ఛకు మామూలుగా రాసే మందులే. డ్రావే పిల్లలకు ఇవే తరచూ ఫిట్స్ పెంచుతాయి. రోగం పేరు తెలిస్తే చీటీలో వాటి బదులు వాల్‌ప్రోయేట్, క్లోబజామ్ అనే మందులు వస్తాయి. ఏఎల్‌డీహెచ్7ఏ1 అనే మరో జన్యువు చెడి మూర్ఛ వచ్చిన పసివాళ్లకైతే మామూలు మూర్ఛ మందులు సరిగా పనిచేయవు, బీ6 విటమిన్ పనిచేస్తుంది. అదీ జీవితాంతం వాడాలి.

ఇక తాళంచెవి. దాన్ని తలుపుకే ఉంచండి. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా గడియారం చూడండి. 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి.