కేస్ ట్రిమ్మర్‌ను ఒక్కసారి సెట్ చేస్తే చాలా? కానే కాదు

పేల్చిన తూటాల ఖాళీ ఇత్తడి కేసులను మళ్లీ నింపుకోవడం గురించి ఒక తెలుగు మెసేజ్ ఈమధ్య మా వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. ‘కేస్ ట్రిమ్మర్ ఒక్కసారి సెట్ చేసి నట్టు బిగిస్తే చాలు, ఇక కొలవక్కర్లేదు. కేసు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. కోయగానే బుల్లెట్ పెట్టేయొచ్చు. చిన్న లేత్ ఉంటే మన దగ్గరా ఎవరైనా చేసుకోవచ్చు’ అన్నది దాని సారం. కేస్ ట్రిమ్మర్ అంటే పొడుగైన కేసు మూతిని కోసి కొలతకు తెచ్చే పరికరం. బుల్లెట్ అంటే ఆ మూతిలో కూర్చుని, పేలగానే ఎగిరిపోయే గుండు.

నేను వరంగల్‌లో ముప్పై ఏళ్లుగా లేత్ మీద జిన్నింగ్ మిల్లుల షాఫ్టులు తిప్పుతున్నాను. టెక్సాస్‌లో ఉండే మా అల్లుడు రైఫిల్ షూటింగ్ కోసం కేసులు నింపుకుంటాడు. అక్కడున్న మూడు నెలలు అతని ట్రిమ్మర్ సెట్ చేసింది నేనే. ఈ మెసేజ్‌లో ఒక్క మాట కూడా సరైనది కాదు.

ముందుగా ‘ఒక్కసారి సెట్ చేస్తే చాలు’ అన్న మాట. తూటా పేలినప్పుడు ఇత్తడి సాగుతుంది. తర్వాత కేసును డై అనే అచ్చులో నొక్కి పాత కొలతకు తెచ్చేటప్పుడు ఆ ఇత్తడి మూతి వైపు జరిగి కేసు ఇంకొంచెం పొడుగవుతుంది. కాబట్టి ముందు డైలో నొక్కాలి, తర్వాత కొలవాలి, ఆ తర్వాతే కోయాలి. కొన్ని ట్రిమ్మర్లు కేసు అడుగును ఆనుకుని కోస్తాయి, కొన్ని కేసు భుజాన్ని, అంటే ఒళ్లు మెడలోకి సన్నబడే చోటును, ఆనుకుని కోస్తాయి. భుజాన్ని ఆనుకునే రకంలో డైలో నొక్కని కేసులు పెడితే కోత ఎక్కడ ఆగాలో చెప్పే స్టాప్ కదలకపోయినా కేసుకో పొడవు వస్తుంది, ఎందుకంటే ఒక్కో కేసు భుజం ఒక్కో చోట ఉంటుంది. మొదటిరోజు నేను ఆ తప్పే చేశాను. నట్టు వదులైందేమో అనుకుని గంటసేపు దాన్నే బిగిస్తూ కూర్చున్నాను. అడుగును ఆనుకునే రకంలో బాధ వేరు: పట్టుకునే చోట ఒక్క ఇత్తడి పొట్టు ఇరుక్కున్నా కొలత మారిపోతుంది.

సెట్ చేసే పద్ధతి మా షాపులో ఫేసింగ్‌కు, అంటే షాఫ్టు కొసను చదును చేయడానికి, స్టాపర్ పెట్టినట్టే. ముందు స్టాప్‌ను కొంచెం పొడుగు వైపే ఉంచి ఒక కేసు కోయాలి, వెర్నియర్‌తో చూడాలి, కొద్దిగా జరపాలి, మళ్లీ కోయాలి. కొలత అందాక నట్టు బిగించి ఇంకొకటి కోసి చూడాలి, బిగించేటప్పుడే స్టాప్ కాస్త కదులుతుంది కాబట్టి. ఆ తర్వాత కూడా పది కేసులకు ఒకటి కొలుస్తూ పోవాలి. మూతిలోకి దిగే పైలట్ కడ్డీ ఆ బుల్లెట్ సైజుదే కావాలి. వదులుగా ఉంటే కోత వంకర పోతుంది.

ఇక ‘కొలవక్కర్లేదు’ అన్న మాట. .308 విన్‌చెస్టర్ అనే రైఫిల్ తూటా కేసు పొడవు 2.015 అంగుళాలు దాటకూడదు, కోసి 2.005కు తెస్తారు. .223 రెమింగ్టన్‌కు ఇవే 1.760, 1.750. రెండింటిలోనూ ఉన్న జాగా 0.010 అంగుళం, అంటే పావు మిల్లీమీటరు. అర మిల్లీమీటరు గీతలున్న స్టీలు స్కేలుకు అది కనపడదు. కేసు హద్దు దాటితే దాని మూతి చాంబర్ (తుపాకీలో తూటా కూర్చునే గది) చివర ఇరుక్కుని బుల్లెట్‌ను గట్టిగా పట్టేస్తుంది. అప్పుడు లోపల ప్రెషర్ ప్రమాదకరంగా పెరుగుతుంది. కన్నూ చెయ్యీ పోయే పనిలో అందాజా కుదరదు.

‘పొట్టిగా ఉంటే మంచిది’ అన్నదీ తప్పే. రైఫిల్ కేసును అతిగా కోస్తే మెడ బుల్లెట్‌ను పట్టుకునే జాగా తగ్గుతుంది. .45 ఏసీపీ లాంటి పిస్టల్ కేసైతే చాంబర్‌లో మూతి మీదే ఆగుతుంది, దాన్ని పొట్టి చేస్తే ఆగాల్సిన చోట ఆగదు. ఇంకో సంగతి. మనం కోసి పారేసే ఇత్తడి కేసు ఒంటిలోంచి వచ్చిందే. నాలుగైదు సార్లు కోసిన కేసు అడుగుకు కాస్త పైన గోడ పలచబడుతుంది. కొస వంచిన సన్నని తీగ లోపల ఆడిస్తే అక్కడ గాడి తగులుతుంది. గాడి తగిలిన కేసును పారేయాలి.

కోయగానే బుల్లెట్ పెట్టకూడదు. మూతికి లోపలా బయటా బర్, అంటే కోత అంచున గరుకు పొట్టు, లేస్తుంది. తీయకపోతే అది బుల్లెట్ రాగి తొడుగును గీకేస్తుంది.

మెసేజ్ చివరి లైన్, ‘చిన్న లేత్ ఉంటే ఎవరైనా చేసుకోవచ్చు’ అన్నది, అన్నిటికన్నా చెడ్డది. పోయిన వారం ఒక తమ్ముడు ఆ మెసేజ్ చూపించి, “కాకా, గిది మన లేత్ మీద అయితదా?” అని అడిగాడు. కోత అవుతుంది, కానీ మన దేశంలో తూటా తయారీకి 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 కింద విడిగా లైసెన్స్ ఉండాలి. తుపాకీ లైసెన్స్ ఉన్నంత మాత్రాన ఆ హక్కు రాదు. 2019 సవరణ తర్వాత లైసెన్స్ లేకుండా తయారు చేస్తే శిక్ష ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా ఉంది. ఆ తమ్ముడికి ఇరవై నాలుగేళ్లు. మెసేజ్ పంపినవాళ్లు దయచేసి దాన్ని అన్ని గ్రూపుల్లోంచి తీసేయండి.