అందరం డెల్టావాళ్ళమే అయినా, జన్యువులు ఒకటి కావు

షుగరు గురించి ఒక మాట బాగా చలామణిలో ఉంది: "కాకినాడ, అమలాపురం చుట్టుపక్కల వెయ్యిమంది షుగరు రోగులను, షుగరు లేని వెయ్యిమందిని పోల్చండి. రోగుల్లో ఏ జన్యురూపం ఎక్కువుంటే అదే షుగరు జన్యువు. అందరూ గోదావరివాళ్ళే, ఇంక తేడా ఎక్కడిది? ఉన్నా పది పీసీలు (జన్యు సమాచారంలోని వంశ తేడాలను కుదించి చూపే ప్రధాన కొలతలు) లెక్కలో కలిపితే పోతుంది." ఇందులో ఏ ముక్కా నిలబడదు.

ఒకే కాలవ నీళ్ళు తాగినంత మాత్రాన వంశాలు ఒకటి కావు. మనవాళ్ళు తరతరాలుగా కులంలోనే పెళ్ళిళ్ళు చేసుకున్నారు. హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, అమెరికాలోని హార్వర్డ్ శాస్త్రవేత్తలు 2009లో 25 భారతీయ సమూహాలను పరిశీలిస్తే, సమూహాల మధ్య జన్యు తేడాలు ఐరోపాలో కన్నా ఇక్కడే ఎక్కువని తేలింది. కోనసీమలో ఒకే ఊరి రెండు పేటల మధ్యా ఆ తేడా ఉండొచ్చు.

దానివల్ల ఏమవుతుందో లెక్క వేద్దాం. సమాన జనాభా ఉన్న రెండు సమూహాలు అనుకోండి. మొదటిదానిలో ఒక జన్యురూపం 40 శాతం, షుగరు 20 శాతం. రెండోదానిలో 10 శాతం, 5 శాతం. షుగరు తేడా తిండివల్లో, ఒంటిపని తగ్గడంవల్లో వచ్చింది, ఆ జన్యువుకు ఏ పాత్రా లేదు. అయినా కలిపి చూస్తే రోగుల్లో ఆ రూపం 34 శాతం, మిగతావాళ్ళలో సుమారు 24. ఒక్కొక్కరిలో ఉండే రెండు జన్యు ప్రతులనూ లెక్కిస్తే, వెయ్యి, వెయ్యి మందితోనే ఇది 5×10⁻⁸ అనే కఠినమైన హద్దును (తేడా కాకతాళీయం కాదనడానికి జన్యు అధ్యయనాలు పెట్టుకున్న గీత) కూడా దాటేస్తుంది. మందిని పెంచితే తప్పు తగ్గదు, ఇంకా గట్టిపడుతుంది.

ఇది కాగితం మీది భయం కాదు. అరిజోనాలోని పిమా తెగవారిలో ఒక ప్రతిరక్షక జన్యురూపం ఉన్నవారిలో షుగరు 8 శాతం, లేనివారిలో 29 శాతం కనిపించింది. తెగ వారసత్వం ఎంతో చూసి విడదీస్తే ఆ సంబంధం దాదాపు మాయమైంది. 1988 నాటి ఫలితమిది.

ఇక పీసీలు. అవి సమూహాల మధ్య పెద్ద తేడాలను పడతాయి, దగ్గరి చుట్టరికాన్ని సరిగా పట్టవు. మనకు మేనరికాలున్నాయి. మేనమామ, మేనకోడలి ఇంటిపేర్లు వేరుగా ఉంటాయి కాబట్టి ఇంటిపేరు చూసి బంధువులను ఏరడమూ కుదరదు. కింగ్ (KING) వంటి కంప్యూటరు ప్రోగ్రాముతో జన్యు బంధుత్వం లెక్కించాలి: ఆ బంధుత్వ అంకె 0.0884 దాటితే రెండో స్థాయి చుట్టరికం (మేనమామ, మేనకోడలు వంటిది), లేదా ఇంకా దగ్గరిది. పీసీలను బంధుత్వం లేనివారితో మొదట కట్టి, మిగతావారిని దానిమీదకు తేవాలి. అలా కట్టడానికి ముందే, ఒకదానితో ఒకటి ముడిపడి వారసత్వంగా వచ్చే జన్యు గుర్తులను తగ్గించాలి. ఆరో క్రోమోజోములో 25 నుంచి 35 మెగాబేసుల (మెగాబేసు అంటే పది లక్షల డీఎన్ఏ అక్షరాలు) మధ్య భాగం తీసేయాలి, లేకపోతే ఒక పీసీ వంశాన్ని కాక ఆ ముక్కనే చూపిస్తుంది. ఆపైన బంధుత్వ మాత్రికతో (ఎవరు ఎవరికి ఎంత దగ్గరో చూపే పట్టిక) మిశ్రమ నమూనా, అంటే ఆ చుట్టరికాన్ని కూడా లెక్కలోకి తీసుకునే గణిత పద్ధతి, వాడాలి. పరీక్షిస్తున్న క్రోమోజోమును ఆ మాత్రికలో కలిపితే నిజమైన సంకేతమే బలహీనపడుతుంది.

రోగులంతా ఒక సమూహం, పోలికవాళ్ళంతా మరొకటి అయితే ఏ నమూనా కాపాడలేదు. అందుకే రక్తం తీసేనాడే తల్లి పుట్టిన ఊరు, తండ్రి పుట్టిన ఊరు, కులం, మేనరికం వివరాలు అనుమతితో రాసుకుని, ప్రతి రోగికీ అదే ఊరి, అదే సమూహపు మనిషిని పోలికకు తీసుకోవాలి.