గాలికి గోడ

మా పర్లాకిమిడిలో మగవాడి పరువును పూర్వం మీసం, ఆ తరువాత బండి సీసీ నిర్ణయించేవి. ఇప్పుడు ఆ బాధ్యతను హ్యాండిల్ ముందు నిలబెట్టిన పారదర్శకమైన పలక స్వీకరించింది. కంపెనీవారు ఇచ్చిన చిన్న వైజర్‌ను విప్పి అటక మీద పడేసి, బయట కొన్న నిలువెత్తు విండ్‌షీల్డ్‌ను బిగించుకోనివాడిని ఒడిశాలోని మా గజపతి జిల్లాలో దూరప్రయాణికుడిగా ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు కనుక, నేనూ పౌరధర్మంగా భావించి ఒకటి బిగించుకున్నాను. దీనిని ‘వాత నిరోధక ఫలకం’ అని రాయాలన్న కోరిక నాకు లేకపోలేదు గాని, గిడుగువారు వాడుకభాష కోసం పోరాడిన ఊరిలో ఉంటూ ఆ పని చేయడానికి చెయ్యి రాలేదు.

ముందుగా అవసరాన్ని నిరూపించవలసి ఉన్నది. ఎదురుగాలి ఒత్తిడి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుందనీ, గంటకు 40 కిలోమీటర్ల దగ్గర ఉన్నది 80 దగ్గర నాలుగు రెట్లవుతుందనీ భౌతికశాస్త్రం చెబుతున్నది. నేను రోజూ సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నం వెళ్లివచ్చే మనిషిని. ఆవులూ ఆటోలూ దయతలచిన రోజున 40 అందుకుంటాను. 1900లో నౌపడా నుంచి మా ఊరికి వచ్చిన చిన్న రైలు డ్రైవరు కూడా ముఖానికి గాలి కొడుతున్నదని అర్జీ పెట్టుకున్న దాఖలా నాకు కనబడలేదు. అయినప్పటికీ, ఏడాదికొకసారి ఆర్.ఉదయగిరి, మోహన మీదుగా చంద్రగిరి పక్కనున్న జిరంగ బౌద్ధ విహారానికి చలికాలంలో తెల్లవారుజామున బయలుదేరే ప్రయాణం ఒకటి ఉన్నది. ఆ ఒక్క రోజు కోసం మిగిలిన 364 రోజులూ అద్దం మోయడంలో అన్యాయమేమీ లేదని మా బావమరిది తీర్పు చెప్పాడు.

ఇక సరుకు సంగతి. దుకాణదారుడికి లోకంలోని ప్లాస్టిక్కులన్నీ ఫైబరే. నిజానికి ఈ పలకలు ముఖ్యంగా రెండు జాతులు: అక్రిలిక్, పాలికార్బొనేట్. మన అల్లుళ్లలోనూ ఈ రెండు జాతులే కనిపిస్తాయి. అక్రిలిక్ నిగనిగలాడుతూ ఉంటుంది, చిన్నాచితకా గీతలను లెక్కచేయదు, కాని లారీ టైరు నుంచి లేచిన ఒక్క రాయి తగిలితే పగిలిపోతుంది. పాలికార్బొనేట్ ఎన్ని దెబ్బలైనా తింటుంది గాని, పైన గట్టి పూత లేకపోతే, పొడిగుడ్డతో దుమ్ము తుడిచిన పాపానికి కూడా ప్రతి గీతనూ ఒంటి మీద దాచుకుని జీవితాంతం చూపిస్తుంది. ఎంతో ఆలోచించి నేను రెండవ అల్లుడిని ఎంచుకున్నాను.

ఎత్తు విషయంలో మాత్రం శాస్త్రానికీ చుట్టరికానికీ పడలేదు. సీటు మీద నిటారుగా కూర్చున్నప్పుడు పలక పై అంచు సుమారుగా ముక్కుకూ గడ్డానికీ మధ్య ఉండాలి. చూపు పలక గుండా కాక దాని పైనుంచి పోవాలి. వానలో దానికి వైపర్ లేదు, రాత్రివేళ ఎదురు లారీ లైటు పడితే ఒక్కొక్క గీతా ఒక్కొక్క దీపమవుతుంది. ఈ సంగతి నేను వివరిస్తూ ఉండగానే, “బావా, కళ్లకు అడ్డం రానిది అడ్డమెలాగవుతుంది?” అని మా బావమరిది అడిగాడు. ఆ తర్కానికి జవాబు దొరకక, నుదుటి దాకా వచ్చేదానిని 2,600 రూపాయలు పోసి తెచ్చుకున్నాను.

దాని పెట్టె మీద ‘యూనివర్సల్’ అని రాసి ఉన్నది. ఏ బండికీ సరిగా అమరకపోవడంలో అన్ని బండ్లనూ సమానంగా చూడటమని ఆ మాటకు అర్థం. మెకానిక్ క్లాంపులను హ్యాండిల్‌కు తగిలించి, పెట్టెలో వచ్చిన రబ్బరు వాషర్లను పనికిరాని ఆభరణాలుగా ఎంచి జేబులో వేసుకుని, బోల్టులను పళ్లు కొరుకుతూ బిగించాడు. పలకకూ లోహానికీ మధ్య రబ్బరు ఉండాలనీ, బోల్టు చేతికి నిలిచేంత బిగిస్తే చాలనీ నేను అనబోయి, అతని చేతిలోని స్పానరు చూసి ఊరుకున్నాను. చివరగా, స్టిక్కరు జిగురు వదలడానికి పెట్రోలులో ముంచిన గుడ్డతో పలకంతా ఆప్యాయంగా తుడిచాడు. ఆంధ్రలో కంటే మా వైపు పెట్రోలు చవక కనుక ఉదారంగానే తుడిచాడు. పాలికార్బొనేట్‌కు పెట్రోలు విషం. దానికి సబ్బునీళ్లూ మెత్తని తడిగుడ్డా తప్ప మరేదీ పడదు. వారం తిరగకముందే నాలుగు రంధ్రాల చుట్టూ సాలీడు కాళ్లలాంటి సన్నని పగుళ్లు బయలుదేరాయి, మధ్యభాగం మంచుపట్టిన మహేంద్రగిరిలా మసకబారింది.

హ్యాండిల్‌ను ఒకసారి ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి చూసి ఉంటే ఇంకొక విశేషం కూడా అక్కడే తెలిసేది. ఆ పని మేమిద్దరమూ చేయలేదు. బజారులో బండిని పూర్తిగా ఎడమకు తిప్పగానే, క్లాంపు కింద నలిగిన యాక్సిలేటర్ వైరు బిగుసుకుని, నేను ఏమీ అడగకుండానే ఇంజను గొంతు పెంచింది. ఎదురుగా కొబ్బరిబోండాల బండి ఉన్నది. బ్రేకు నా మాట విన్నది కనుక ఈ వ్యాసం రాయగలుగుతున్నాను.

ఇంతా చేసి గాలి ఆగిందా అంటే, ఛాతీ మీదకు రావడం మానుకున్నది. పలక పై అంచును దాటిన గాలి వెనకనున్న ఖాళీలోకి సుడులు తిరుగుతూ దిగి, సరిగ్గా హెల్మెట్ దగ్గర దరువు వేస్తుంది. మోహన దారిలో 70 దాటగానే నా తల ఒడ్డున కట్టిన పడవలా ఊగడం మొదలుపెట్టింది. గాలికి పోయే కంపను ఒంటికి తగిలించుకునేవారిని చూశాము గాని, గాలినే డబ్బిచ్చి తలకు తగిలించుకున్నవాడిని నేనే అయి ఉంటాను. ఈ బాధ హెల్మెట్ పెట్టుకునేవారిదేనని కూడా గమనించాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షన్ హెల్మెట్‌ను తలకే పెట్టుకోమంటున్నది. మా ఊరి పెద్దమనుషులు దానిని పెట్రోలు ట్యాంకుకు పెడతారు కనుక, వారి ట్యాంకులు మాత్రమే ఈ దరువును భరిస్తున్నాయి.

“గాలి ఆపితే ఆగుతాదేటి బాబూ? ఓ రెండంగుళాలు కోసేద్దాం” అన్నాడు మెకానిక్. అంచు వెంబడి టేపు అంటించి, సన్నపళ్ల రంపంతో కోసి, గరుకు కాగితంతో నున్నగా రుద్ది 400 తీసుకున్నాడు. ఈసారి రబ్బరు వాషర్లు వేయించాను. అవి అతని జేబులోనే భద్రంగా ఉన్నాయి. పలక పడిపోయినట్టున్న కోణాన్ని కాస్త నిలబెట్టి, కింద వేలెడు సందు వదిలిపెట్టడంతో వెనకకు కొంత గాలి చేరి, దరువు చాలావరకు నెమ్మదించింది. మొదటిసారిగా పలక పైనుంచి రోడ్డు కనిపించింది.

ఆ ఆదివారమే మా బావమరిది ఒక చిన్న పెట్టెతో వచ్చాడు. అందులో విండ్‌షీల్డ్ పై అంచుకు తగిలించి ఎత్తును రెండంగుళాలు పెంచే క్లిప్పు పలక ఉన్నది; ధర 900 అట, చుట్టం కనుక 850కి వచ్చిందట. దానిని పట్టుకుని మెకానిక్ దగ్గరకు వెళ్తే, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, “మొన్న కోసిన ముక్క పారేసినారేటి బాబూ?” అని అడిగాడు.