సజీవ మట్టి బస్తా గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పది కిలోల ప్రీమియం సజీవ మట్టి బస్తా గారికి,

బెంగళూరు మారతహళ్లి నుంచి, నాలుగో అంతస్తు బాల్కనీ తరఫున నమస్కారాలు.

మీ ముఖం మీద బంగారు రంగులో 'గ్రాముకు బిలియన్ల సూక్ష్మజీవులు' అని ఉంది. మీ వీపు మీద, బార్‌కోడ్ కింద, కళ్లజోడు పెట్టుకుంటే గానీ కనిపించని అక్షరాల్లో 'ఆవిరితో 100 శాతం స్టెరిలైజ్ చేయబడినది' అని ఉంది. ముఖమూ వీపూ ఒకరివేనా అండీ? ఈ ఒక్క సందేహం తీర్చుకోవడానికే ఆదివారం మధ్యాహ్నం భోజనం కూడా పక్కన పెట్టి మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను.

నారు పోసే మట్టిని వేడిచేసి శుభ్రం చేయడాన్ని నేను తప్పుపట్టను. నారుకుళ్లు తెచ్చే పిథియం లాంటివి చస్తాయి. నర్సరీల వాళ్లు ఎండాకాలంలో తడిమట్టి మీద పాలిథిన్ షీటు కప్పి ఇదే పని పైసా కరెంటు లేకుండా చేస్తారు. కాకపోతే ఆవిరికి మంచివాళ్లూ చెడ్డవాళ్లూ అన్న తేడా ఉండదు కదా! అందరూ పోయాక ఖాళీగా మిగిలిన చోట ముందు ఎవరు దిగితే వాళ్లదే రాజ్యం. తెగులు బూజు ముందు దిగితే దానిదే.

అరగంట సంగీతం వినిపించాక లైన్లోకి వచ్చిన అమ్మాయి చాలా మర్యాదస్తురాలు. "సార్, వేడిని తట్టుకుని బతికినవే స్ట్రాంగ్ మైక్రోబ్స్" అంది. నిజమే, బాసిల్లస్ జాతి బాక్టీరియా కొన్ని గట్టి పెంకున్న బీజాలుగా మారి మరుగుతున్న నీళ్లలో కూడా ప్రాణం నిలుపుకుంటాయి. మరి మీ ముఖం మీదే పేర్లున్న మంచి బాక్టీరియా రైజోబియం, సూడోమొనాస్ సంగతేంటి? వాటికి అలాంటి కవచం లేదే! సరే, బెనిఫిట్ ఆఫ్ డౌట్ మీకే ఇచ్చి, "అమ్మా, ఆవిరి పట్టాక సూక్ష్మజీవుల్ని కలుపుతారా, కలిపాక ఆవిరి పడతారా?" అని అడిగాను. మళ్లీ సంగీతం. తిరిగొచ్చి చెప్పింది: "కలిపాకే సార్. హైజీన్ కోసం."

హైజీన్ కోసం!

అక్కడితో ఆగినా మర్యాదగా ఉండేది. మీ కడుపులో రెండు ఉచిత ప్యాకెట్లు కూడా పెట్టారు. ఒకటి కార్బెండజిమ్, అంటే బూజు మందు. 'నాటే ముందు మట్టిలో కలపండి' అని సూచన. ట్రైకోడెర్మా అనే మంచి బూజు కలిపామని గొప్పలు పోయిన బస్తా, ఆ ట్రైకోడెర్మా ఒకవేళ ఆవిరి నుంచి తప్పించుకుంటే దాని పని పట్టడానికి విడిగా మందు కూడా పంపిందన్నమాట. పట్టుదలంటే ఇది. రెండోది డీఏపీ, అంటే భాస్వరం దండిగా ఉన్న రసాయన ఎరువు. దాని సంగతి చెప్పాలంటే వేరు దగ్గర ఏం జరుగుతుందో మీకు కొంచెం చెప్పాలి, మీరు ఎప్పుడూ చూసి ఉండరు కాబట్టి.

వేరు చుట్టూ ఉండే ఆ పలచని మట్టి పొరకు రైజోస్ఫియర్ అని 1904లోనే పేరు పెట్టాడు హిల్ట్‌నర్ అనే జర్మన్ ఆయన. మొక్క పగలంతా ఎండలో తయారుచేసుకున్న చక్కెరలో కొంత అక్కడ వేళ్ల నుంచి బయటికి వదులుతుంది. దాంతోపాటు ఆమ్లాలూ, జిగురూ. వాటికోసం చేరిన బాక్టీరియాలో కొన్ని మట్టికి అతుక్కుపోయిన భాస్వరాన్ని కరిగిస్తాయి, కొన్ని తెగుళ్లను దగ్గరికి రానివ్వవు. వేరుశనగ అయితే రైజోబియాన్ని వేరులోపలికే పిలిచి బుడిపెల్లో కాపురం పెట్టిస్తుంది. బుడిపెను గోటితో చిదిమితే లోపల ఎర్రగా ఉంటే నత్రజని పని నడుస్తున్నట్టే. మా నాన్న చేలో నిలబడి చేసే పరీక్ష ఇది, ల్యాబు రిపోర్టు అక్కర్లేదు.

ఇక మైకోరైజా. మా వైపు ఎరువుల కొట్లో వ్యామ్ అని అడిగితే ఇస్తారు. ఈ బూజు తన దారాలను వేరు దూరలేని సందుల్లోకి పంపి భాస్వరం మోసుకొస్తుంది. కూలి కింద మొక్క సంపాదించిన కార్బన్‌లో 4 నుంచి 20 శాతం దాకా పుచ్చుకుంటుంది. బతికున్న వేరు దొరక్కపోతే దానికి బతుకులేదు. భాస్వరం ఊరికే దండిగా దొరికిందనుకోండి, మొక్క ఆ కూలి ఇవ్వడం తగ్గించేస్తుంది. మీరేమో ఆక్సైడు (P2O5) లెక్కలో 46 శాతం భాస్వరమున్న డీఏపీని బూజుతోపాటే ఒకే సంచిలో పంపారు! పైగా మైకోరైజా అన్న మాట పక్కనే క్యాబేజీ, పాలకూర బొమ్మలు. క్యాబేజీ, ముల్లంగి, ఆవాల కుటుంబం ఆ బూజుతో పొత్తు పెట్టుకోదు. పాలకూర, తోటకూర కూడా సాధారణంగా అంతే. ఉన్న కూరగాయలన్నీ వదిలేసి సరిగ్గా వాటినే ఎలా ఏరుకున్నారండీ?

పొడి రూపంలో అమ్మే రైజోబియంలో గ్రాముకు కనీసం 5 కోట్ల బతికున్న కణాలు ఉండాలని ఎరువుల నియంత్రణ ఉత్తర్వు చెబుతుంది. 2006 నుంచి జీవన ఎరువులు దాని కిందికి వచ్చాయి. మీరు మాత్రం ఒంటిమీద ఎక్కడా జీవన ఎరువు అని రాసుకోలేదు, పాటింగ్ మిక్స్ అని రాసుకున్నారు. తెలివి ఉంది, కాదనను. ఎక్స్‌పైరీ తేదీ మీద ఎమ్మార్పీ స్టిక్కర్ అంటించడంలో కూడా అదే తెలివి కనిపించింది.

మా భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొచ్చి ఒళ్లు మండింది. ఆయన అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీలో పరిశోధన నడిపిస్తున్న రోజుల్లో, మిస్సోరిలోని ఒక పొలం మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి అక్కడి శాస్త్రవేత్త డగ్గర్ ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ తీశాడు. 1948లో ఆ మందు లోకానికి తెలిసింది. అంటే చిటికెడు మామూలు మట్టిలో మనుషుల ప్రాణాలు నిలబెట్టే సరుకు ఉంటుంది. అలాంటిది పది కిలోల్లో ఏమీ లేకుండా చేయాలంటే ఎంత శ్రమపడి ఉండాలి!

ఊరికి తెలియదు అనడానికి కూడా లేదు. ఇదే బెంగళూరులో జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయంలో బాగ్యరాజ్ గారు దశాబ్దాలపాటు మైకోరైజా మీద పనిచేశారు. హెసరఘట్టలో ఐఐహెచ్ఆర్ అనే ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్లు కూరగాయల కోసం అర్క మైక్రోబియల్ కన్సార్షియం అనే మేలుచేసే సూక్ష్మజీవుల మిశ్రమం తయారుచేశారు. అంత దగ్గర్లో ఉండి నువ్వు కొబ్బరి పీచు పొట్టులో నాలుగు తెల్ల పూసలు కలుపుకుని వచ్చావు.

అవును, నువ్వే. ఇక మీరు లేదు, గారు లేదు.

ఎర్ర గోంగూర గింజలు అమ్మ ఊరినుంచి పంపింది. ఇక్కడి మార్కెట్లో దొరికే తెల్ల గోంగూరతో పచ్చడి చేస్తే పులుపు సరిపోక మళ్లీ చింతపండు వేయాల్సి వస్తోందని ఆవిడ బాధ. మొలిచాయి, జానెడు ఎదిగాయి, ఆకుల అంచులు మాడాయి, వాలిపోయాయి. పొట్టులోని ఉప్పు కడగను కూడా కడగలేదు నువ్వు. పీకి చూస్తే వేళ్లు అప్పుడే తలంటుకున్నట్టు తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. ఒక్క రవ్వ అంటుకుని లేదు. బతికున్న మట్టిలోంచి మొక్కను పీకి ఎంత దులిపినా కొంత మట్టి వేళ్లను వదలదు. వేరు జిగురు, బూజు దారాలు కలిసి దాన్ని పట్టుకుంటాయి. నీ దగ్గర పట్టుకోవడానికి ఎవరున్నారు? అందర్నీ చంపి, శుభ్రం అని పేరు పెట్టి, శవాల లెక్కను బిలియన్లలో వేసి నాకు అమ్మావు.

డబ్బు వెనక్కి అడిగితే 'సీలు తీసిన బస్తా తీసుకోం, సూక్ష్మజీవులు కలుషితమై ఉంటాయి' అన్నారు. ఏ సూక్ష్మజీవులు?

నాన్న ఫోన్లో అంతా విని, "జీవామృతంలో వేసేది కూడా గుప్పెడు గట్టు మట్టేరా, దానికి ఎవడూ బిల్లు వేయడు" అన్నాడు. బాల్కనీలో పేడ, గోమూత్రం, బెల్లం కలిపితే అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో నా ఫోటో వస్తుందని ఆయనకు ఎలా చెప్పను? వచ్చే వారం కొండవీడు ఎక్స్‌ప్రెస్‌లో వస్తూ గట్టు మట్టి ఒక సంచెడు తెస్తానన్నాడు. సెక్యూరిటీ వాళ్లు ఆపితే పప్పులు అని చెప్తాడట.

నిన్ను పారేయను. నీళ్లు పట్టి ఉంచడం ఒక్కటి నీకు వచ్చు, అది ఒప్పుకోవాలి. మార్చి ఎండల్లో అది చిన్న విషయం కాదు. బకెట్లో నానబెట్టి, ఉప్పు పోయేదాకా కడిగి, ఆ గట్టు మట్టిలో నాలుగో వంతు కలుపుతాను. మిగతా మూడు వంతులూ ఎవరివో నాకు తెలుసు, ఆ కుండీలో నువ్వు అద్దెకు ఉంటావు అంతే.

ఇట్లు,
గోంగూర పోగొట్టుకున్న ఒక మారతహళ్లి తెలుగువాడు

తా.క.: రాత్రి బాల్కనీలో లైటు వేస్తే ఆ కుండీలోంచి సన్నటి నల్ల ఈగలు గుంపుగా లేచాయి. వాటి పిల్లలు మట్టిలో బూజునూ లేత వేళ్లనూ తింటాయి. ఫోటో తీసి మీ కస్టమర్ కేర్‌కు పంపాను. నిమిషంలో జవాబు వచ్చింది: "కంగ్రాచ్యులేషన్స్ సార్! మీ మట్టి సజీవంగా ఉందనడానికి ఇదే రుజువు. దయచేసి మాకు ఫైవ్ స్టార్ రేటింగ్ ఇవ్వగలరు."