మూడు వందల మంది గ్రీసును కాపాడారా?

"థర్మోపైలేలో 300 మంది స్పార్టా వీరులు పది లక్షల పర్షియన్ సేనను ఆపి గ్రీసును కాపాడారు. ఏథెన్స్ నాయకుడు థెమిస్టోక్లీస్ మాత్రం నగరాన్ని వదిలి పారిపోయాడు. లియోనిడాస్‌ను మించిన వ్యూహకర్త లేడు." ఫోన్లలో తెగ తిరుగుతున్న ఈ మాటల్లో ప్రతిదీ ఎవరో ఒకరికి అన్యాయం చేస్తోంది.

మొదట ఆ 300. క్రీ.పూ. 480లో థర్మోపైలే అనే ఆ ఇరుకు కనుమను కాచిన గ్రీకులు సుమారు ఏడు వేల మంది. చివరి రోజు చాలామంది వెనుదిరిగినా, థెస్పియా అనే చిన్న పట్టణం నుంచి వచ్చిన 700 మంది స్పార్టా రాజు లియోనిడాస్‌తోనే ఉండి ప్రాణాలిచ్చారు. ఆ తర్వాత పర్షియన్లు వారి ఊరిని తగలబెట్టారు. ఇంత త్యాగం చేసినవారి పేరైనా ఎత్తకుండా వీరగాథ చెప్పడం నన్ను నిజంగా బాధిస్తుంది.

పది లక్షల లెక్క కూడా నిలవదు. ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ ఇంకా పెద్ద సంఖ్యే చెప్పాడు కానీ, అంతమందికి ఆ దారుల్లో తిండీ నీరూ అందడం అసాధ్యం. నేటి చరిత్రకారుల్లో చాలామంది అంచనా లక్ష నుంచి మూడు లక్షలు.

ఇక "ఆపారు" అన్న మాట. ఆపింది మూడు రోజులు. కనుమను ఎంచుకోవడంలో లియోనిడాస్ తప్పు చేయలేదు. సముద్రం వైపు నుంచి శత్రువు చుట్టుముట్టకుండా ఆర్టెమిసియం దగ్గర గ్రీకు నౌకాదళం అడ్డుగా ఉంది. చివర్లో నిలబడిపోవడానికీ కారణం ఉందని కొందరు చరిత్రకారులు అంటారు: వెళ్లిపోతున్నవారిని పర్షియన్ అశ్వదళం తరిమి చంపకుండా చూడాలి. లోపం కనుమ వెనక్కి చేర్చే కొండదారి దగ్గర జరిగింది. ఆ దారి ఉందని ఆయనకు తెలుసు, ఫోకిస్ ప్రాంతపు గ్రీకులైన ఫోకియన్లను వెయ్యి మందిని కాపలా ఉంచాడు. శత్రువు తమ కోసమే వస్తున్నాడనుకుని వారు శిఖరం మీదికి తప్పుకున్నారు. పర్షియన్లు వారిని పట్టించుకోకుండా కిందికి దిగిపోయారు. నింద అంతా పర్షియన్లకు ఆ దారి చూపిన ద్రోహి ఎఫియాల్టిస్ మీదే వేస్తే ఇది కనబడదు. కనుమ పడగానే ఏథెన్స్ దాకా దారి తెరుచుకుంది, ఆ నగరపు కొండకోట అక్రోపోలిస్ కాలిపోయింది.

అన్నిటికంటే పెద్ద అబద్ధం థెమిస్టోక్లీస్ పారిపోయాడనడం. క్రీ.పూ. 483 ప్రాంతంలో ఏథెన్స్‌కు చెందిన లారియన్ గనుల్లో వెండి విరివిగా దొరికినప్పుడు, దాన్ని పౌరులకు పంచవద్దనీ ఓడలు కట్టాలనీ ఒప్పించింది ఆయనే. స్త్రీలనూ పిల్లలనూ ట్రోజెన్, ఏజినా, సలామిస్‌లకు తరలించి, పురుషులను ఓడలెక్కించడం ముందుచూపుతో చేసిన పని. ఇళ్లు కాలినా సైన్యం మిగిలింది. దక్షిణ గ్రీసులోని పెలోపొనీస్ సేనానులు తమ ప్రాంతాన్ని మిగతా గ్రీసుతో కలిపే సన్నని నేల ఇస్త్మస్‌కు వెనక్కి పోదామంటే ఆయన పట్టు వీడలేదు: విశాల సముద్రంలో శత్రువు సంఖ్య గెలుస్తుంది, సలామిస్ జలసంధిలో అదే సంఖ్య అతనికి భారమవుతుంది. వాదన ఫలించేలా లేదని తోచగానే, గ్రీకులు పారిపోబోతున్నారంటూ తన సేవకుడు సికిన్నస్‌తో పర్షియన్లకు కబురు పంపాడు. వారు నమ్మి ముందుకు వచ్చారు, జలసంధిలో చిక్కి ఓడిపోయారు. లియోనిడాస్, థెమిస్టోక్లీస్ ఇద్దరూ ఇరుకు చోటునే నమ్ముకున్నారు. కానీ మొదటివాడు శత్రువు వస్తే అడ్డుకున్నాడు, రెండోవాడు శత్రువును తానే రప్పించాడు. వ్యూహకర్తగా నా దృష్టిలో రెండోవాడే గొప్ప.

స్పార్టాను పొగడాలనుకునేవారికి ప్లాటియా యుద్ధం ఉంది. క్రీ.పూ. 479లో అక్కడ లియోనిడాస్ సోదరుడి కొడుకు పౌసానియస్ సేనాధిపతి. నీళ్ల ఊట పోయి, రాత్రివేళ వెనక్కి జరగబోయి దళాలు చెల్లాచెదురైనా, పారిపోతున్నారనుకుని మీదికొచ్చిన పర్షియన్ సేనాని మార్డోనియస్‌ను స్పార్టా సేన ఎదురొడ్డి చంపింది. పర్షియన్ సేన గ్రీసు నేల విడిచింది ఆ యుద్ధం తర్వాతే.