పదిహేడేళ్ల ముప్పు

విశాఖ ఎంవీపీ కాలనీలోని మా అపార్ట్‌మెంట్ సంఘానికి ఒక అధ్యక్షులవారున్నారు. పదేళ్లుగా ఆయనే. ఎన్నిక అనేది ఒక్కసారీ జరగలేదు కాబట్టి, ప్రజాస్వామ్యం గురించి ఆయనంత నిష్పక్షపాతంగా మాట్లాడగలవాళ్లు మా ఐదంతస్తుల్లో ఇంకెవరూ లేరు. మొన్న ఆదివారం పొద్దున్నే లిఫ్టు దగ్గర నన్ను ఆపి, దేశానికి వచ్చిపడిన ముప్పు గురించి చెప్పారు. మూడో అంతస్తులో ఇంటర్ సెకండియర్ చదివే అమ్మాయి, నిండా పదిహేడేళ్లే, ఓటరు నమోదుకి ఫారమ్ 6 పెట్టేసిందట!

"పాలు తాగే పిల్లలకి ఓటేంటండీ?"

ఓటు కాదండీ, ముందస్తు దరఖాస్తు మాత్రమే అనబోయి మానుకున్నాను. పదిహేడు దాటినవాళ్లు ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చని ఎన్నికల సంఘం 2022లోనే చెప్పింది. పద్దెనిమిది నిండాకే పేరు జాబితాకెక్కుతుంది. అంతకుముందు వయసు లెక్కకి ఏడాదికి జనవరి 1 ఒక్కటే తేదీ. జనవరి 2న పుట్టిన పాపానికి ఇంకో ఏడాది ఆగాల్సిందే. ఇప్పుడు ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తారీఖులు కూడా కలిపారు. ఇవన్నీ చెబితే పెద్దాయనకి బీపీ.

అయినా ముందస్తు అన్నది మన ఇంటా వంటా ఉందా? పదో తరగతి రిజల్ట్స్ రాకముందే జూనియర్ కాలేజీకి అడ్వాన్సు కట్టేస్తాం, అంతే. మధురవాడలో పునాది తవ్వకముందే ఫ్లాటుకి టోకెన్ ఇచ్చేస్తాం, అంతే. ఎంపీసీయా బైపీసీయా అన్నది పిల్ల తప్పటడుగులు వేసేనాటికే తేల్చేస్తాం. దాని బతుకు మనం ఖరారు చేస్తే బాధ్యత. తన పేరు తానే ఒక ఫారమ్‌లో రాసుకుంటే మాత్రం అపచారం!

అసలు వేడుక ఆ సాయంత్రం. నేను ఆ పిల్ల వాళ్లింట్లో కాఫీ తాగుతున్నాను. బెల్లు మోగింది. అధ్యక్షులవారే, ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో కళ్లజోడు. ఆయన ఓటు ఇప్పటికీ గాజువాకలోని పాత ఇంటి అడ్రసులోనే ఉంది.

"అమ్మా, ఈ యాప్‌లో అడ్రసు ఎలా మార్చాలమ్మా?"

"ఫారమ్ 8 అంకుల్. ఓటీపీ వచ్చిందా?"

ఆయన కళ్లజోడు పెట్టుకుని ఆరంకెలూ గట్టిగా చదివారు. వీధిలో పాలవాడికి కూడా వినిపించి ఉంటుంది.

"అంకుల్, అది బ్యాంకుది. ఎవరికీ చెప్పకూడదు."

రెండోసారి చదివింది గ్యాస్ డెలివరీ కోడు. మూడోసారి పిల్లే ఫోను తీసుకుంది. పాలు తాగే పిల్ల! అడ్రసు మార్చింది, ఫొటో పెట్టింది, పాత బూతు జాబితా తెరిచి చూసింది. "అంకుల్, తాతగారి పేరు కూడా ఇందులో ఉంది."

తాతగారంటే అధ్యక్షులవారి నాన్నగారు. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది.

నాకు నవ్వు అక్కడే ఆగిపోయింది. పోయినవాళ్ల పేరు తొమ్మిదేళ్లు జాబితాలో ఉంటే దేశానికి ముప్పు లేదు, బతికున్న పిల్ల ముందుగా వచ్చి వరసలో నిలబడితే ముప్పా? పిల్లలకి రాజకీయాలేం తెలుసని ఈ ఊళ్లో అనడానికి నోరెలా వస్తుంది? 1966లో ఉక్కు ఫ్యాక్టరీ కోసం రోడ్డెక్కినవాళ్లలో విద్యార్థులెందరో. అప్పటికి ఓటు వయసు 21. నవంబర్ 1న ఇదే విశాఖలో కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో రాష్ట్రమంతటా 32 మంది ప్రాణాలు పోయాయి. తూటా ఎవరినీ పుట్టినతేదీ సర్టిఫికెట్ అడగలేదు. ఓటు వయసు 18కి దిగడానికి మాత్రం 1989 దాకా పట్టింది. ఆ ఫ్యాక్టరీలోనే ముప్ఫై ఏళ్లు జీతం తీసుకుని రిటైరయ్యారు మన అధ్యక్షులవారు. 2021 జనవరిలో దాని వాటాలన్నీ అమ్మడానికి కేంద్రం ఒప్పుకున్నప్పుడు, "మన చేతుల్లో ఏముందండీ" అన్నదీ ఈయనే.

ఫారమ్ 8 వెళ్లిపోయింది. పిల్ల ఫోను తిరిగిస్తూ అడిగింది: "తాతగారి పేరు తీయించడానికి ఫారమ్ 7 ఉంది. అది కూడా పెట్టేయమంటారా అంకుల్?"

"ఇప్పుడే ఎందుకమ్మా," అన్నారాయన చెప్పులు వేసుకుంటూ, "తొందరేముంది."